ఎల్28ఈ రీబిల్డ్: ఇంజెక్టర్లు తిరిగి బిగించాక రెండు మాత్రం చేత్తో తిప్పితే తిరుగుతున్నాయి

ఆరు_సిలిండర్లు

డాట్సన్ 280జెడ్, 1976 మోడల్. ఎల్28ఈ ఇంజన్, బాష్ ఎల్-జెట్రానిక్ (కరెంటుతో తెరుచుకునే ఇంజెక్టర్ల పెట్రోల్ వ్యవస్థ). కొత్త రింగులు, కొత్త కామ్, కొత్త రాకర్లు పడ్డాయి, హెడ్డు టార్క్ చేయడం అయిపోయింది. ఇంజన్ ఇంకా స్టాండు మీదే ఉంది.

ఇంజెక్టర్లు ఆరూ అల్ట్రాసోనిక్ క్లీనింగ్ అయి వచ్చాయి. 2.5 బార్ దగ్గర ఫ్లో నిమిషానికి 183 నుంచి 187 సీసీ మధ్య ఉంది. లోపలి ఫిల్టర్ జల్లెడలు, ముక్కు దగ్గర పింటిల్ క్యాపులు (పెట్రోల్ చిమ్మే కొస మీది మూతలు) కొత్తవి. కాయిల్ రెసిస్టెన్స్ ఆరింటికీ 2.3, 2.4 ఓమ్‌ల మధ్యే. ఇన్‌టేక్ మానిఫోల్డ్ గ్లాస్ బీడ్ బ్లాస్టింగ్ చేయించి, ఇంజెక్టర్లు దానికి బెంచీ మీదే బిగించాను. పై రబ్బరూ కింది రబ్బరూ కొత్తవి, ప్లాస్టిక్ హోల్డర్లు మాత్రం పాతవే. తలలు అరిగిపోయిన పాత స్క్రూలు తీసేసి స్టెయిన్‌లెస్ అలెన్ స్క్రూలు వేశాను.

నాలుగు ఇంజెక్టర్లు గట్టిగా కూర్చున్నాయి. 2, 5 నంబర్లు మాత్రం స్క్రూలు బిగిసినా వేళ్లతో తిప్పితే తిరుగుతున్నాయి. గాలి లాగుతాయా? ఇంకా బిగించాలంటే హోల్డర్ పగులుతుందేమోనని ఆగాను.

ఇంకో రెండు ప్రశ్నలు. ఇంజెక్టర్ తోకకు హోస్ ఎక్కించేచోట క్లిప్పు వేయాలా, వద్దా? స్టార్ట్ చేయకముందే లీకులన్నీ ఎలా తేల్చుకోవాలి? కొత్త కామ్ కాబట్టి మొదటి స్టార్ట్ తర్వాత మధ్యలో ఆపే వీలుండదు, అందుకే అడుగుతున్నాను.

---

మానిఫోల్డ్_మేస్త్రి

ఇంకా బిగించకండి. ఈ ఇంజెక్టర్ తిరగకూడదు. తర్వాతి కాలపు ఓ-రింగ్ ఇంజెక్టర్లు సీటులో తిరిగినా గాలి లాగవు, ఎందుకంటే వాటిలో సీలు చుట్టూ పక్కల నుంచి పట్టుకుంటుంది. మీది అలా కాదు. ఇక్కడ కింది రబ్బరు హోల్డర్‌కూ మానిఫోల్డ్‌కూ మధ్య నలిగితేనే సీలు. ఇంజెక్టర్ తిరుగుతోందంటే రబ్బరు నలగలేదు, అంటే దారి తెరిచే ఉంది.

రబ్బరు నలగకుండానే స్క్రూ బిగిసినట్టు ఎందుకు అనిపించింది అన్నదే చూడాల్సిన విషయం. మీరు చెప్పినదాన్ని బట్టి నా మొదటి అనుమానం స్క్రూ రంధ్రాల మీదే. బీడ్ బ్లాస్టింగ్ తర్వాత అడుగు మూసి ఉన్న మర రంధ్రాల్లో గాజు పూసలు దట్టంగా కూరుకుపోయి ఉంటాయి. స్క్రూ కొస వాటికి తగిలి ఆగిపోతుంది. చేతికి బిగిసినట్టే ఉంటుంది కానీ తల మాత్రం హోల్డర్‌ను నొక్కదు. కొత్త అలెన్ స్క్రూలు పాతవాటికన్నా రెండు మిల్లీమీటర్లు పొడుగున్నా ఇదే జరుగుతుంది.

ఎలా తేల్చుకోవాలంటే, 2వ ఇంజెక్టర్ తీసి పక్కన పెట్టి, స్క్రూ ఒక్కదాన్నే రంధ్రంలోకి చేత్తో చివరిదాకా తిప్పండి. బయట మిగిలిన పొడవు కొలవండి. గట్టిగా కూర్చున్న 1వ నంబర్ రంధ్రంలోనూ అదే స్క్రూతో కొలవండి. తేడా ఉంటే దొరికినట్టే. స్క్రూ కొలత చూసి అదే మర కొలత ఉన్న బాటమింగ్ ట్యాప్ (రంధ్రం అడుగు దాకా మర తీసే పనిముట్టు) తీసుకుని చేత్తోనే దింపండి, అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి. బ్రేక్ క్లీనర్‌తో కడిగి, సన్నటి నాజిల్‌తో రంధ్రం అడుగు నుంచి గాలి ఊదండి. కళ్లద్దాలు తప్పనిసరి, ఆ పూసలు నేరుగా మొహం మీదికే వస్తాయి.

ఆ రంధ్రాల్లో పూసలు దొరికితే మానిఫోల్డ్ మొత్తాన్నీ అనుమానించాలి. ఇంజెక్టర్ బోర్లు, వాక్యూమ్ నిపిల్స్ వెనక సన్న దారులు, కోల్డ్ స్టార్ట్ వాల్వ్ (చల్లటి స్టార్ట్‌కు అదనపు పెట్రోల్ చిమ్మేది) కూర్చునే గూడు, పీసీవీ దారి (క్రాంక్‌కేస్ గాలి మానిఫోల్డ్‌కు పోయే దారి), ఎక్కడైనా మిగిలి ఉండొచ్చు. ఒక్క చిటికెడు చాలు, కొత్త రింగులూ బోరూ గీతలు పడతాయి. ఇంజెక్టర్లన్నీ తీసేయండి. వేడి సబ్బు నీళ్లు, సన్న బ్రష్షులు, గాలి. ఒకటికి రెండుసార్లు చేయండి. ఆరాక తెల్లగుడ్డ మీద తలకిందులుగా పెట్టి చెక్క సుత్తితో తట్టండి. గుడ్డ మీద మెరిసేది ఏదైనా రాలితే మళ్లీ మొదటి నుంచి. ఈ ఒక్క పనిలో తొందర వద్దు.

రెండో అనుమానం హోల్డర్. పాతవన్నారు కదా, ఇన్నేళ్ల వేడికి ఆ ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది. స్క్రూ రంధ్రం పక్కన వెంట్రుకవాసి పగులున్నా వంగిపోయి ఒకవైపే నొక్కుతుంది. అద్దం పలక మీద బోర్లా పెట్టి మూలలు ఊగుతున్నాయేమో చూడండి. పగిలినదాన్ని అంటించి వాడొద్దు.

మూడోది, కొత్త కింది రబ్బరు మందం. ఆరూ ఒకే ప్యాకెట్టులోవి అయినా కాలిపర్‌తో కొలవండి, పల్చటివి మధ్యలో కలిసి వస్తుంటాయి. పాత రబ్బరు ఎండి నల్లటి రింగులా బోరులోనే అతుక్కుని ఉండటం కూడా మామూలే, దాన్ని మానిఫోల్డ్ భాగమే అనుకుని మీద కొత్తది పెట్టేస్తారు. టార్చి వేసి లోపల గోటితో గీకి చూడండి. అల్యూమినియం అయితే గోరు దిగదు.

తిరిగి బిగించేటప్పుడు రబ్బర్లకు శుభ్రమైన ఇంజన్ ఆయిల్ పల్చగా రాయండి, చాలు. సిలికాన్ సీలెంట్, గాస్కెట్ పేస్టు ఏవీ వద్దు. పెట్రోల్‌కు సిలికాన్ ఉబ్బి, ముక్కలై పోర్టులోకి పోతుంది. స్టెయిన్‌లెస్ స్క్రూ అల్యూమినియంలో పట్టేస్తుంది కాబట్టి మరలకు యాంటీ-సీజ్ కొద్దిగా.

ఇంజెక్టర్లను ఒక్కొక్కటిగా కాకుండా ముందు హోసులతో రైలుకు (ఇంజెక్టర్లన్నింటికీ పెట్రోల్ పంచే గొట్టానికి) తగిలించి, ఆరింటినీ కలిపి దించండి. స్క్రూలన్నీ రెండు మూడు మరలు పట్టించి వదిలేయండి. రైలు బ్రాకెట్ బోల్టులూ అంతే. తర్వాత ఒక్కో ఇంజెక్టర్‌కు రెండు స్క్రూలనూ మార్చి మార్చి అర చుట్టు చొప్పున బిగించాలి. హోల్డర్ సమంగా కూర్చుని, స్క్రూ బరువెక్కిన చోట ఆపేయాలి. పొట్టి అలెన్ కీ వాడితే చెయ్యి దానంతటదే అదుపులో ఉంటుంది. రైలు బ్రాకెట్ బిగించడం ఆఖర్న. రైలు ముందు బిగిస్తే హోసులు ఇంజెక్టర్లను పక్కకు లాగి రబ్బరు ఒకవైపే నలుగుతుంది.

మానిఫోల్డ్‌ను ఇంజెక్టర్లతో సహా హెడ్డుకు ఎక్కించడమే మేలు. ఒక్క జాగ్రత్త: ఈ ఇంజన్‌లో ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ రెండింటికీ ఒకటే గాస్కెట్, చాలాచోట్ల ఒకే మందపాటి వాషర్ రెండు ఫ్లాంజ్‌లనూ కలిపి నొక్కుతుంది. ఒక ఫ్లాంజ్ మిషనింగ్‌లో సన్నబడి ఉంటే వాషర్ వాలిపోయి ఇన్‌టేక్ వైపు వదులవుతుంది. తర్వాత గాలి లాగితే నింద ఇంజెక్టర్ రబ్బరు మీదికి పోతుంది. ఫ్లాంజ్ మందాలు ముందే కొలవండి.

---

ఫ్లోబెంచ్

హోసు సంగతి. కంపెనీ సర్వీస్ మాన్యువల్ ప్రకారం ఇంజెక్టర్ తోక వైపు క్లిప్పు అక్కర్లేదు. తోక మీద గాట్లుంటాయి, హోసు చివర కప్పులాంటి సాకెట్ ఉంటుంది. కొత్త హోసు లోపల పెట్రోల్‌తో తడిపి, సాకెట్‌తో సహా చేత్తో పోయినంత దాకా నెట్టాలి. గాట్లే పట్టుకుంటాయి. రైలు వైపు మాత్రం క్లిప్పు కావాలి.

అయితే ఇది సరైన వ్యాసం ఉన్న ఇంజెక్షన్ హోసుకు, గీతల్లేని గాట్లకు వర్తించే మాట. పాత హోసు తీసేటప్పుడు బ్లేడుతో నిలువునా కోస్తే గాట్ల మీద గీత పడుతుంది, ఆ గీత వెంటే పెట్రోల్ చెమర్చుతుంది. మాన్యువల్ చెప్పే పద్ధతి వేడి సాల్డరింగ్ ఐరన్. సాకెట్ నుంచి సుమారు 20 మిల్లీమీటర్ల మేర హోసు పై రబ్బరును అల్లిక దాకా కరిగించి, మిగతాది చేత్తో లాగేయాలి. ఐరన్ తోకకు తగలకూడదు. ఇంజెక్టర్‌ను వైసులో బిగించకూడదు. పెట్రోల్ తాగిన హోసు కాబట్టి పూర్తిగా ఆరబెట్టాక, ఆరుబయట, మంటలార్పే సిలిండర్ పక్కన పెట్టుకుని చేయండి. మీ ఇంజెక్టర్లు సర్వీసు నుంచి వచ్చాయి కాబట్టి ఎవరో ముందే కోసి ఉంటారు. భూతద్దం పెట్టి గాట్లను చుట్టూ చూడండి, వేలి గోరు అడ్డంగా లాగితే తగిలే నిలువు గీత ఉందా అని.

గీత ఉంటే, లేదా సాకెట్ లేని మీటరు లెక్క హోసు వాడుతుంటే, నేనైతే క్లిప్పు వేస్తాను. అంచులు పైకి మడిచిన ఇంజెక్షన్ క్లిప్పే. చీలికలున్న మామూలు వార్మ్ డ్రైవ్ క్లిప్పు రబ్బరును కోసేస్తుంది. క్లిప్పు గాట్ల వెనక కూర్చోవాలి, వాటి కొస మీద కాదు. హోసు మీద ఎస్ఏఈ 30ఆర్9 అని అచ్చు ఉండాలి. 30ఆర్7 కార్బురేటర్ హోసు. దాని రేటింగ్ 50 పీఎస్ఐ, మీ పంపు ఇచ్చేది 36, అంకెల్లో సరిపోయినట్టే కనిపిస్తుంది. కానీ ఇథనాల్ కలిసిన పెట్రోల్‌కు లోపలి పొర త్వరగా పాడవుతుంది. ఇంజన్ పైన, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కు అంత దగ్గర్లో ఆ బేరం వద్దు.

ఆరు ముక్కలూ ఒకే పొడవు కోయండి. కోత నిటారుగా, కొత్త బ్లేడుతో. కోశాక లోపల రబ్బరు తునకలు లేకుండా ఊదాలి. ఆ తునకే తర్వాత కొత్త ఫిల్టర్ జల్లెడ మీద కూర్చుని ఒక సిలిండర్‌ను లీన్ (పెట్రోల్ తక్కువ) చేస్తుంది. అలాగే ఇంజెక్టర్లు తగిలించకముందే ట్యాంకు నుంచి రైలు దాకా పాత మురికి బయటికి పోవాలి. ఫిల్టర్ మార్చి, రైలుకు వచ్చే హోసును డబ్బాలో పెట్టి, పంపుతో రెండు లీటర్లు తోయించండి. తుప్పు రంగు వస్తే ట్యాంకు దించాల్సిందే.

ఫ్లో అంకెలు బాగున్నాయి, ఆరింటి మధ్య తేడా రెండు శాతం పైచిలుకు మాత్రమే. కానీ అది పూర్తిగా తెరిచి ఉంచి చేసిన పరీక్ష. ఐడిల్‌లో ఇంజెక్టర్ తెరిచి ఉండేది రెండు మూడు మిల్లీసెకన్లే. ఆ చిన్న పల్స్ దగ్గర కూడా ఆరూ సమంగా చిమ్ముతున్నాయా, ప్రెషర్ పెట్టి ఒక నిమిషం ఉంచితే ముక్కున చుక్క కడుతోందా అని టెస్ట్ చేసినవాళ్లను అడగండి. రీబిల్డ్‌లో ఇది ఇంకా ముఖ్యం. చుక్క కార్చే ఇంజెక్టర్ కొత్త బోరు గోడ మీది ఆయిల్‌ను కడిగేస్తుంది, ఆ సిలిండర్‌లో రింగులు కూర్చోవు. రాత్రంతా కారితే పెట్రోల్ సంపులోకి (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలోకి) దిగి ఆయిల్ పల్చబడుతుంది.

---

లూమ్_కనెక్టర్

కరెంటు వైపు కొన్ని మాటలు, వీటిలోనే ఎక్కువ మంది ఇంజెక్టర్లు కాల్చుకుంటారు.

2.35 ఓమ్ ఇంజెక్టర్‌కు బ్యాటరీ నుంచి నేరుగా 12 వోల్టులు ఇస్తే ఐదు ఆంపియర్లు పోతాయి, అంటే 60 వాట్లు ఆ చిన్న కాయిల్‌లో. కార్లో సిరీస్‌గా 6 ఓమ్ డ్రాపింగ్ రెసిస్టర్లు ఉండటానికి కారణం అదే. బెంచీ మీద టక్‌మంటుందో లేదో చూడాలంటే మీరూ 6 ఓమ్, 25 వాట్ రెసిస్టర్ మధ్యలో పెట్టి క్షణం తాకించి తీసేయండి. ఒకటి పాడై మార్చాల్సి వస్తే 12-16 ఓమ్‌ల ఇంజెక్టర్‌ను ఈ సెట్‌లో కలపకండి. ఆ రెసిస్టర్ వెనక అది ఆలస్యంగా తెరుచుకుంటుంది, ఆ ఒక్క సిలిండర్ ఎప్పుడూ లీనే.

ఎల్-జెట్రానిక్ ఆరు ఇంజెక్టర్లనూ ఒకేసారి, క్రాంక్ చుట్టుకొకసారి తెరుస్తుంది. కాబట్టి 3వ కనెక్టర్ 4కు పెట్టినా ఫైరింగ్ ఆర్డర్ చెడదు. చెడేది వేరే చోట. కూలెంట్ టెంపరేచర్ సెన్సార్, థర్మోటైమ్ స్విచ్ (చల్లగా ఉన్నప్పుడు కోల్డ్ స్టార్ట్ వాల్వ్‌ను పనిచేయించేది), కోల్డ్ స్టార్ట్ వాల్వ్, అన్నింటికీ ఇదే రెండు పిన్నుల కనెక్టర్. లూమ్ (తీగల కట్ట) విప్పి మళ్లీ పరిచినప్పుడు అవి తారుమారు కావడం చాలా మామూలు. సెన్సార్ తీగ తెగినా, కనెక్టర్ తుప్పు పట్టినా ఈసీయూకు (ఇంజెక్షన్‌ను నడిపే కంప్యూటర్‌కు) ఇంజన్ గడ్డకట్టే చలిలో ఉన్నట్టు కనిపించి పెట్రోల్ కుమ్మరిస్తుంది. ఈసీయూ కనెక్టర్ దగ్గరే కొలవండి: 20 డిగ్రీల దగ్గర 2.1 నుంచి 2.9 కిలో ఓమ్, 80 డిగ్రీల దగ్గర 0.27 నుంచి 0.39. సెన్సార్ దగ్గర సరిగ్గా ఉండి ఈసీయూ దగ్గర ఎక్కువ చూపిస్తే తప్పు తీగలోనే.

స్టార్ట్ చేయకుండా లీకు చూసే పద్ధతికి ఇంజన్ కార్లోకి ఎక్కి ఉండాలి. స్టార్టర్ సొలినాయిడ్ ఎస్ టెర్మినల్ తీగ తీసేసి, తాళం స్టార్ట్ స్థానంలో పట్టుకుంటే పంపు మాత్రమే తిరుగుతుంది. ఇక్కడ చాలామంది మరిచేది, కోల్డ్ స్టార్ట్ వాల్వ్‌కూ కరెంటు అదే స్టార్ట్ లైను నుంచి వస్తుంది. కూలెంట్ చల్లగా ఉంటే థర్మోటైమ్ స్విచ్ దానికి గ్రౌండ్ ఇచ్చేస్తుంది, ఇంజన్ తిరగకపోయినా అది మానిఫోల్డ్‌లోకి చిమ్ముతుంది. ముందు దాని కనెక్టర్ పీకేయండి.

ఆయిల్ ప్రెషర్ కోసం ప్లగ్గులు తీసి క్రాంక్ చేసేటప్పుడూ ఇదే జాగ్రత్త. ఇగ్నిషన్ కాయిల్, ఇంజెక్టర్లు, కోల్డ్ స్టార్ట్ వాల్వ్, మూడూ విడదీసి ఉంచాలి. లేకపోతే ఆయిల్ ఎక్కించడానికి చేసే పనే బోరును పెట్రోల్‌తో కడుగుతుంది.

---

కె_జెట్_280ఈ

ఈ చర్చ చదివి మెర్సిడెస్, వోల్వో, పాత గోల్ఫ్ జీటీఐ వాళ్లు గందరగోళపడకూడదని ఒక్క మాట. కె-జెట్రానిక్‌లో ఇంజెక్టర్లకు కరెంటే ఉండదు, సుమారు మూడున్నర బార్ దగ్గర వాటంతటవే తెరుచుకుని ఆగకుండా చిమ్ముతాయి. వాటి రబ్బరు రింగు సీలు పక్కల నుంచి పట్టుకునేదే, కాబట్టి బరువుగా తిరిగితే తప్పులేదు. వదులుగా తిరిగితే రింగు గట్టిపడిందని అర్థం. పైన చెప్పిన స్క్రూల సంగతి వాటికి వర్తించదు. కానీ మరలతో హెడ్డులో కూర్చునే ఇన్సర్ట్ కింద ఇంకో సీలు ఉంటుంది. పైరింగు మార్చి దాన్ని వదిలేస్తే గాలి అక్కడి నుంచే పోతుంది.

---

ఆరు_సిలిండర్లు

2వ దాంట్లో ఒక రంధ్రం, 5వ దాంట్లో రెండూ పూసలతో నిండి ఉన్నాయి. స్క్రూ 1వ రంధ్రంలోకన్నా దాదాపు మూడు మిల్లీమీటర్లు పైనే ఆగింది. ట్యాప్ దింపి, మానిఫోల్డ్ మొత్తం కడిగాను. కోల్డ్ స్టార్ట్ వాల్వ్ గూట్లోంచి కూడా రాలాయి. ఇప్పుడు ఆరు ఇంజెక్టర్లూ కదలకుండా కూర్చున్నాయి. ఒక హోల్డర్ పగిలి ఉంది, మార్చాను.

ఇంజన్ కార్లోకి ఎక్కింది. ఎస్ తీగ తీసి పంపు తిప్పాను, రైలు గేజ్ 2.5 బార్ చూపించింది. బయట ఎక్కడా తడి లేదు. కానీ తాళం వదిలాక పది నిమిషాల్లో 1 బార్‌కు దిగిపోతోంది. ఇంజెక్టర్ కారుతోందని అనుకోవాలా?

---

మానిఫోల్డ్_మేస్త్రి

అనుకోకూడదు, తేల్చాలి. దిగడానికి మూడే దారులు: పంపులోని చెక్ వాల్వ్ (పెట్రోల్ వెనక్కి పోకుండా ఆపేది), ప్రెషర్ రెగ్యులేటర్ (రైలు ప్రెషర్‌ను అదుపులో ఉంచేది), ఇంజెక్టర్లు. కోల్డ్ స్టార్ట్ వాల్వ్‌ను కూడా ఇంజెక్టర్ల లెక్కలోనే వేయండి.

మళ్లీ 2.5కు ఎక్కించి, తాళం వదిలిన వెంటనే గేజ్‌కు ముందున్న సప్లై హోసును గుండ్రటి దవడల హోస్ ప్లయర్‌తో నొక్కండి. దిగడం ఆగితే పంపు చెక్ వాల్వ్. అప్పుడు ఇంజన్‌కు ప్రమాదమేమీ లేదు, వేడి మీద స్టార్ట్ కావడానికి సతాయిస్తుంది, అంతే. ఆగకపోతే సప్లై నొక్కే ఉంచి రిటర్న్ హోసునూ నొక్కండి. ఇప్పుడు ఆగితే రెగ్యులేటర్. దాని వాక్యూమ్ హోసు పీకి లోపల పెట్రోల్ వాసన ఉందేమో చూడండి, ఉంటే డయాఫ్రమ్ చినిగింది. రెండూ నొక్కినా దిగుతుంటే మాత్రం ఇంజెక్టర్లు. అప్పుడు బద్ధకించకుండా రైలును ఇంజెక్టర్లతో సహా పైకి తీసి, ఒక్కోదాని కింద గాజు సీసా పెట్టి ప్రెషర్ ఇచ్చి చూడాలి. బ్యాటరీ తీగలు, స్టార్టర్ దరిదాపుల్లో ఎక్కడా నిప్పురవ్వ పుట్టే వీలుండకూడదు, పంపుకు కరెంటు దూరం నుంచి ఇవ్వాలి. కారుతున్నది దొరికేదాకా ఈ ఇంజన్ స్టార్ట్ చేయొద్దు.

---

ఆరు_సిలిండర్లు

సప్లై నొక్కగానే ఆగింది. అరగంట తర్వాత కూడా 2.3 దగ్గరే ఉంది. పంపు చెక్ వాల్వే.

---

ఫ్లోబెంచ్

మంచిది, ఇంజెక్టర్లు శుభ్రం. చెక్ వాల్వ్ బ్రేక్-ఇన్ అయ్యాక చూసుకోవచ్చు.

స్టార్ట్ అయిన వెంటనే 2000 ఆర్‌పీఎమ్‌కు తీసుకెళ్లి, కొంచెం పైకీ కిందికీ మారుస్తూ 20 నిమిషాలు. ఆ 20 నిమిషాలూ ఒక మనిషి హోసుల మీదే చూపు పెట్టి ఉండాలి, చేతిలో డ్రై పౌడర్ సిలిండర్‌తో. ఐడిల్‌కు దిగాక రైలు ప్రెషర్ సుమారు 2.1 బార్ ఉండాలి, రెగ్యులేటర్ వాక్యూమ్ హోసు పీకితే 2.5కు ఎక్కాలి. ఎక్కకపోతే ఆ హోసులో వాక్యూమ్ అందడం లేదు.

తర్వాత ఐడిల్‌లో ఆయిల్ ఫిల్లర్ మూత తీయండి. ఎల్-జెట్రానిక్‌లో ఎయిర్ ఫ్లో మీటర్ దాటాక వచ్చే గాలి ఏదైనా లెక్కలోకి రాదు, క్రాంక్‌కేస్ గాలి కూడా పీసీవీ ద్వారా మానిఫోల్డ్‌కే పోతుంది. కాబట్టి మూత తీస్తే ఇంజన్ తడబడాలి, ఆగిపోయినా మంచిదే. మూత తీసినా ఏ మార్పూ లేదంటే ఇంకెక్కడో పెద్ద రంధ్రం ముందే ఉందని అర్థం. డిప్‌స్టిక్ రింగు, వాల్వ్ కవర్ ప్యాకింగ్, ఆ తర్వాతే ఇంజెక్టర్లు. వేడి ఎగ్జాస్ట్ పక్కన కార్బ్ క్లీనర్ చిమ్మి వెతకొద్దు. ఇంజన్ ఆపి స్మోక్ టెస్టర్ పెట్టండి, అది లేకపోతే ఇన్‌టేక్‌లోకి కొద్దిపాటి గాలి ప్రెషర్ ఇచ్చి సబ్బునీళ్లు.

ఒకసారి పూర్తిగా వేడెక్కి చల్లారాక ఇంజెక్టర్ స్క్రూలు మళ్లీ చూడండి, కొత్త రబ్బరు మొదటి వేడికి కొంత కూర్చుంటుంది. ప్రతి స్క్రూ పావు చుట్టుకు మించి తీసుకోకూడదు. మించి తీసుకుంటే ఆ ఇంజెక్టర్ విప్పి హోల్డర్ చూడాలి. ఇన్‌టేక్ మానిఫోల్డ్ బోల్టులూ అప్పుడే, చల్లగా ఉన్నప్పుడే. ఆయిల్ డిప్‌స్టిక్ మీద పెట్రోల్ వాసన వస్తే ఎన్ని కిలోమీటర్లు తిరిగిందని చూడకుండా మార్చేయండి.